‘జానపదం’ అని రాసి వదిలేయకండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే మూడుసార్లు విన్నారు, నేను మళ్లీ చదవను. ఈ చెల్లి తొలి ఆల్బం, ఎనిమిది పాటలు, ఎలా ఉందో మీ చప్పట్లే చెప్పాయి. పాటను ఎలా రికార్డు చేయాలి, కవరు మీద ఏం రాయాలి, ఆ రెండే నేను చెప్పగలిగినవి.

బాబూ, ఆ ఫ్యాను ఒక్క నిమిషం కట్టండి. విన్నారా? ఇంతసేపూ హాల్లో ఒక మోత ఉంది. మన చెవి దాన్ని పక్కకు నెట్టేసింది, మైకు నెట్టదు. సరే, వేసేయండి, ఉక్కగా ఉంది.

వానాకాలం రికార్డింగులో ఏడిపించేది డప్పు. తోలు తేమ పీల్చి సాగుతుంది, శ్రుతి దిగిపోతుంది. మంట మీద కాచి బిగించినా కాసేపటికి మళ్లీ దిగుతుంది. పల్లవి నిన్న, చరణం ఇవాళ తీస్తే రెండూ అతకవు. ఒక్కో పాట ఒక్క కాపులో అయిపోవాలి.

డప్పూ గొంతూ ఒకే గదిలో అయితే కార్డియాయిడ్ మైకు తీసుకోండి. దానికి ముందు చెవి, వెనక చెవుడు. పాడే మనిషి ముందు జానెడు దూరంలో, డప్పు దాని వీపు వైపు ఏడెనిమిది అడుగుల అవతల. రికార్డరు సెట్టింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. గట్టి దెబ్బ కూడా రికార్డరు మీటరులో మైనస్ 10 డెసిబెల్ దాటకూడదు. సున్నా తాకి పగిలిన చప్పుడును ఏ స్టూడియో అతికించలేదు. లయ తప్పకుండా చెవిలో టిక్‌టిక్‌మనే క్లిక్ ట్రాక్ మాత్రం వద్దు. చరణం చివర లయ కాస్త ఉరుకుతుంది, దాన్ని దిద్దితే పాట చచ్చిపోతుంది.

మిక్సింగ్ గురించీ చెప్దామనుకున్నాను గానీ, ఈ నమూనా కవరు చూశాక మనసు ఆగడం లేదు. ‘సాహిత్యం, బాణీ: జానపదం’. ఎనిమిదింటికీ అదే! ఆరు పాటలు ఈ పిల్ల సొంతంగా రాసింది, బాణీ కట్టింది. సవర గిరిజనుల నోటి మాట నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారి పర్లాకిమిడిలోనా, పాట కట్టిన మనిషి పేరు ఎగిరిపోయేది?

పేరు లేకపోతే పాట ఎవరిదైనా అయిపోతుంది. పేరుంటే రాసినవాళ్ల జీవితకాలం, ఆపై 60 ఏళ్లు హక్కు. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ తర్వాత, పాట హక్కు కంపెనీకి రాసిచ్చినా రాయల్టీలో సమాన వాటా వదులుకున్నట్టు సంతకం చేయించుకోవడం చెల్లదు. ఒప్పందంలో గడువు రాయకపోతే కంపెనీకి ఆ హక్కు అయిదేళ్లే. ‘శాశ్వతంగా’ అన్న మాట కనిపిస్తే కలం మూసేయండి.

మిగతా రెండూ నాట్ల పాటలు. వాటికి ‘సంప్రదాయం’ అని రాసి, నేర్పిన అవ్వ పేరు, ఊరు కింద వేయండి. డప్పు తమ్ముడి పేరు కూడా. నువ్వే, వెనక నిలబడ్డావు కదా, ఇలా రా.

ఇంకొకటి. అప్‌లోడ్‌లో ఒడిశా కదా అని భాష దగ్గర ఒడియా నొక్కకండి. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మన ఊరు ఇటు, పాతపట్నం అటు పోయాయి గానీ, వినేవాళ్లు రెండు పక్కలా తెలుగులోనే వెతుకుతారు. ప్రతి పాటకూ విడిగా ఐఎస్ఆర్‌సీ కోడ్ ఉండాలి, అంటే ఆ రికార్డింగును గుర్తుపట్టే 12 అక్షరాలూ అంకెల గుర్తింపు. చెల్లి పేరు అన్నిచోట్లా ఒకే స్పెల్లింగు, లేకపోతే ఇద్దరు గాయనులై కూర్చుంటారు.

కవరు ఇంకా అచ్చుకు పోలేదట. ఎవరి దగ్గరైనా పెన్ను ఉందా?