ఇల్లు కోస్గిలో, బడి పుణెలో: స్థిర నివాసం ఏదంటారు?

(మహబూబ్‌నగర్‌లో జరిగిన స్టూడియో చర్చలో ఒక భాగం. పాల్గొన్నవారు: హైకోర్టు న్యాయవాది, కొల్లాపూర్ ప్రాంతంలో పనిచేసి రిటైరైన తహసీల్దారు, కోస్గి వైపు నుంచి వచ్చిన గుంపు మేస్త్రీ.)

వ్యాఖ్యాత: నమస్కారం. మేస్త్రీ అన్నా, మీతోనే మొదలుపెడదాం. మీ ఇల్లు ఎక్కడ?

మేస్త్రీ: కోస్గి పక్కన పల్లె సార్. ఇల్లుంది, ఎకరంన్నర చెలక ఉంది. మనుషులం మాత్రం పుణెలో ఉంటాం. పీర్ల పండుగకు వస్తాం, దసరాకు వస్తాం. ఓట్లప్పుడు పార్టీలవాళ్లు బస్సు పెడితే అప్పుడూ వస్తాం. (నవ్వులు)

వ్యాఖ్యాత: ఊళ్లో ఇల్లు ఉంది కాబట్టి ఓటు పోదు, అంతేనా మేడం?

న్యాయవాది: ఇల్లు ఉన్నంత మాత్రాన ఓటు రాదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ఆ మాట సూటిగానే చెప్పింది. అక్కడ మామూలుగా నివసిస్తూ ఉండాలి. అయితే అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన ఆ నివాసం పోదు. అసలు గొడవంతా ఈ రెండింటి మధ్యే. పుణెలో ఎనిమిది నెలలు ఉంటే తాత్కాలికమా? పదేళ్లుగా ప్రతి ఏడూ ఎనిమిదేసి నెలలుంటే?

మేస్త్రీ: ఓటర్ల జాబితా పట్టుకుని ఇంటికి వచ్చినాయన తాళం చూసి 'వలస' అని రాసుకుపోతాడు మేడం. తిరిగొస్తామని తాళం మీద రాసిపెట్టలేం కదా!

న్యాయవాది: పేరు తీసేసే ముందు నోటీసివ్వాలి, మీ మాట వినాలి. అది చట్టం. నోటీసును తాళానికే అంటించిపోతే ఏం చేస్తామన్నది వేరే సంగతి. ఇంకో విచిత్రం వినండి. మీ ఊరి అబ్బాయి అమెరికా వెళ్లాడనుకోండి. అక్కడి పౌరసత్వం తీసుకోనంతకాలం, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా మీద ఊరి జాబితాలో పేరు పెట్టించుకోవచ్చు. 20ఎ సెక్షన్ అందుకే తెచ్చారు. పుణె వెళ్లిన మీకు అలాంటి సెక్షన్ లేదు.

వ్యాఖ్యాత: అంటే దేశం దాటినవాడు మేలు, జిల్లా దాటినవాడు కాదన్నమాట.

తహసీల్దారు: కొంచెం ఆగండి. ఊళ్లో ఉండనివాళ్ల పేర్లన్నీ ఉంచేస్తే దొంగ ఓట్లు ఎవరు ఆపుతారు? నా సర్వీసులో ఒకే మనిషికి మూడు చోట్ల ఓటు చూశాను. రెండు చోట్ల పేరుండడం కూడా చట్టవిరుద్ధమే.

వ్యాఖ్యాత: మరి పిల్లల చదువు దగ్గర ఈ 'లోకల్', అంటే సీట్లలో స్థానికుల కోటా, సంగతేంటి? దానికి నివాస ధ్రువపత్రం చాలదా?

న్యాయవాది: చాలదు. 1984లో ప్రదీప్ జైన్ కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఒకటే డొమిసైల్ (చట్టం దృష్టిలో స్థిర నివాసం) అంది, రాష్ట్రానికొకటి లేదంది. మన దగ్గర 'లోకల్' అనేది రాజ్యాంగం 371-డి అధికరణం, 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వచ్చింది. అది మీ ఇల్లెక్కడని మొదట అడగదు, ఎక్కడ చదివారని అడుగుతుంది. ఇప్పుడు తెలంగాణలో ఎంబీబీఎస్ సీటుకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. 2024లో జీవో 33 ఇచ్చారు, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

తహసీల్దారు: మునుపు మనసును కూడా అడిగేవాళ్లు. నిజాం కాలంలో బయటివాళ్లు ముల్కీ, అంటే స్థానికులు, కావాలంటే పదిహేనేళ్లు ఇక్కడ ఉండాలి, పైగా 'మా పాత ఊరికి తిరిగి పోయే ఆలోచన మానుకున్నాను' అని మేజిస్ట్రేటు ముందు ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఆ ముల్కీల మీదే 1952లోనూ 1969లోనూ ఎంత గొడవైందో మీకు తెలిసిందే. మనసులో మాటకు సాక్ష్యం దొరకదు, బోగస్ సర్టిఫికెట్లు మాత్రం దొరుకుతాయి. అందుకే బడి రిజిస్టరు పట్టుకున్నారు. అది తప్పంటే నేను ఒప్పుకోను.

మేస్త్రీ: రిజిస్టరు సరే సార్. నా బిడ్డ ఎనిమిది దాకా పుణెలో మరాఠీ బడిలో చదివింది. అక్కడే పది కూడా చదివితే ఇక్కడివాళ్లు నాన్-లోకల్ అంటారు. అక్కడేమో డొమిసైల్ కాగితం తెమ్మంటారు. తాతముత్తాతలు ఈ మట్టిలోనే పుట్టినారు, ఈ మట్టిలోనే పోయినారు. బిడ్డను ఏ రాష్ట్రమని చెప్పాలి?

న్యాయవాది: ఇదే నాకు మింగుడుపడని సంగతి. ప్రభుత్వ ఉద్యోగి డ్యూటీ మీద రాష్ట్రం బయట పనిచేస్తే, సైన్యంలో ఉంటే, వాళ్ల పిల్లలకు మినహాయింపులిస్తామని ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు చెప్పింది. కూలికి పోయినవాళ్ల పిల్లల ఊసు అందులో లేదు. సైనికుడు ఇష్టపడి కశ్మీరు పోలేదు, నిజమే. మీరు ఇష్టపడి పుణె పోయారా?

మేస్త్రీ: బోర్లు ఎండితే పోయినం.

తహసీల్దారు: ఒక్క మాట కలుపుతాను. శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్లకు ఊళ్లే మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపూర్‌కు తెచ్చి కట్టారు. మనుషులకు పునరావాస కాలనీలు, జీవో 98 కింద ఉద్యోగాలు అన్నారు. అప్పుడు శాశ్వత చిరునామా గడిలో నీళ్లలో ఉన్న ఊరి పేరు రాసి తెచ్చేవాళ్లు. కొట్టేయాలంటే నాకు చెయ్యి ఆడేది కాదు. అయినా కొట్టేసేవాడిని, నిబంధన అది.

వ్యాఖ్యాత: మద్దూరు నుంచి ఒక తల్లి ఫోన్‌లో అడుగుతున్నారు. కొడుకు ముంబైలో ఎనిమిది చదువుతున్నాడు, డాక్టరు చదివించాలని ఉందట. ఏం చేయాలంటున్నారు.

న్యాయవాది: అమ్మా, మెడిసిన్ ఆశ ఉంటే తొమ్మిదికి ఇక్కడికి తీసుకురండి. ఇంటర్ అయ్యేదాకా మధ్యలో మార్చొద్దు, స్టడీ సర్టిఫికెట్లు జాగ్రత్త. రాష్ట్ర ఉద్యోగాలకు లెక్క వేరు, అక్కడ ఒకటి నుంచి ఏడు దాకా ఎక్కడ చదివాడో చూస్తారు.

మేస్త్రీ: హాస్టల్ సీటు దొరికితేనే కదా అదంతా. అవ్వాతాతల దగ్గర వదిలిపోదామంటే వాళ్లను చూసుకునేవాళ్లే లేరు.

వ్యాఖ్యాత: తహసీల్దార్ సార్, వలస కుటుంబానికి మినహాయింపు ఇవ్వాలంటే ఏ కాగితం చూసి నమ్ముతారు?

తహసీల్దారు: ఏటా ఎక్కడికి పోయారు, ఎన్నాళ్లున్నారు, ఎప్పుడు తిరిగొచ్చారు అని పనిచోట రాసిచ్చిన పుస్తకం ఏదైనా ఉంటే నమ్ముతాను. ఊరి పెద్దమనిషి రాసిచ్చే చీటీని నమ్మను.

న్యాయవాది: అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో వచ్చి, 2025 నవంబరు దాకా ఉన్న చట్టంలోనే అది ఉండేది సార్. కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాల్సి ఉండేది, ప్రతి కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాల్సి ఉండేది. పనిచోటు, పనికాలం, కూలి రేటు అందులో రాయాల్సి ఉండేది.

తహసీల్దారు: ఆ పుస్తకం తెస్తే సంతకం పెట్టడానికి నాకేం అభ్యంతరం ఉండేది కాదు.

మేస్త్రీ: చిన్నప్పటి నుంచి సైట్ల మీదే ఉన్నాను, ఇప్పుడు నేనే గుంపును తీసుకుపోతున్నాను. అట్లాంటి పుస్తకం ఒకటి ఉండేదని ఈ రోజే వింటున్నా మేడం. అది ఏ ఆఫీసులో ఇచ్చేవాళ్లు?