టెనెసీ బాస్కెట్‌బాల్ శిక్షకురాలు ప్యాట్ సమ్మిట్

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 1979 దాకా హైస్కూలు అమ్మాయిల బాస్కెట్‌బాల్ వేరు, అబ్బాయిల బాస్కెట్‌బాల్ వేరు. అమ్మాయిల జట్టులో ఐదుగురికి బదులు ఆరుగురు ఉండేవారు. వారిలో ముగ్గురు కోర్టులో ఒక సగంలో నిలబడి బంతిని బుట్టలో వేసే పని మాత్రమే చూడాలి. మిగిలిన ముగ్గురు రెండో సగంలో ఉండి ఎదుటి జట్టును అడ్డుకోవడంతో సరిపెట్టుకోవాలి. నడిమి గీత దాటడానికి ఎవరికీ వీల్లేదు. కోర్టు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తితే ఆడపిల్లల ఒళ్లు తట్టుకోలేదన్న నమ్మకమే ఈ ఏర్పాటుకు ఆధారం. ఇదే పద్ధతిలో ఆడి పెరిగి, శిక్షకురాలు అయ్యాక దాన్ని బహిరంగంగా ఎదిరించిన ప్యాట్ సమ్మిట్ వృత్తి జీవితం గురించి ఈ ప్రసంగం.

ఆమె 1952లో క్లార్క్స్‌విల్‌లో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. పొగాకు చేలో పని, గడ్డి మోపులు కట్టడం, పాలు పితకడం ఆ ఇంట్లో ఆడ మగ తేడా లేకుండా అందరికీ ఉండేవి. పనులయ్యాక రాత్రిపూట కొట్టం అటకమీద, గడ్డి మధ్య, ముగ్గురు అన్నలతో కలిసి బాస్కెట్‌బాల్ ఆడేవారు. ఆమె చదవవలసిన ఊరి హైస్కూలులో అమ్మాయిలకు జట్టు లేదని తెలిసి తండ్రి కుటుంబాన్నంతా జట్టు ఉన్న పక్క కౌంటీకి మార్చారు. పిల్లలతో పొదుపుగా మాట్లాడే కఠినమైన మనిషి కూతురి ఆట కోసం ఇల్లు మారడం ఆ కాలంలో చిన్న సంగతి కాదు.

1974లో, తన 22వ ఏట, ఆమె నాక్స్‌విల్‌లోని టెనెసీ విశ్వవిద్యాలయానికి సహాయకురాలిగా పని చేస్తూ పైచదువు చదువుకుందామని వచ్చారు. అంతలో అప్పటి శిక్షకురాలు సెలవు మీద వెళ్లడంతో జట్టు మొత్తం ఈమె చేతికొచ్చింది. నెలకు 250 డాలర్ల జీతం. క్రీడాకారిణుల్లో కొందరు ఆమెకంటే ఒక్క ఏడాదే చిన్నవాళ్లు. జట్టును తీసుకెళ్లే వ్యాను నడిపేదీ, మ్యాచ్ దుస్తులు ఉతికేదీ ఆమే. ఆ దుస్తులు కూడా అంతకుముందు డోనట్లు అమ్మిన డబ్బుతో కొన్నవి. పొరుగూరు వెళ్లినప్పుడు గదులకు డబ్బు లేక, ప్రత్యర్థుల వ్యాయామశాలలోనే నేలమీద పడుకున్న సందర్భం కూడా ఉంది. మొదటి మ్యాచ్ మెర్సర్ జట్టు చేతిలో ఒకే ఒక్క పాయింటు తేడాతో, 84–83తో, పోయింది. ఇదంతా చేస్తూనే, మోకాలి గాయం నుంచి కోలుకుని, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుకు ఆడి రజత పతకం తెచ్చుకున్నారు. ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్ మొదలైంది ఆ ఏడాదే. 1984లో అదే దేశపు జట్టుకు శిక్షకురాలిగా ఉండి స్వర్ణం గెలిపించారు.

కాలం కూడా ఆమెకు కలిసొచ్చిందన్నది నిజం. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ మగ వివక్ష కూడదని 1972లో అమెరికా చట్టం చేసింది. కళాశాలల్లో మహిళల క్రీడలకు డబ్బు, ఉపకార వేతనాలు మెల్లమెల్లగా రావడం దాని ఫలితమే. కానీ చట్టం డబ్బు ఇస్తుంది గాని, ఆట ఆడి పెట్టదు. ఆరుగురి పద్ధతిలో పెరిగిన అమ్మాయికి సగం కోర్టే తెలుసు. ఆ పద్ధతిని మార్చాలని సమ్మిట్ గట్టిగా పట్టుబట్టారు.

ఆమె శిక్షణకు పునాది డిఫెన్స్ (ఎదుటి జట్టును అడ్డుకోవడం), రీబౌండ్ (బుట్టలో పడక తిరిగొచ్చిన బంతిని అందుకోవడం). బంతి ఏ రోజైనా బుట్టలో పడకపోవచ్చు; అడ్డుకోవడం, దూకి బంతి అందుకోవడం మాత్రం కష్టపడితే ఏ రోజైనా కుదిరేవేనని ఆమె పట్టు. సాధనలో అమ్మాయిలకు ఎదురుగా మగ విద్యార్థుల జట్టును నిలబెట్టేవారు. తరగతి ఎగ్గొట్టిన అమ్మాయిని ఆడనిచ్చేవారు కాదు; తరగతిలో మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలి. టెనెసీలో పూర్తి కాలం ఆడిన ప్రతి అమ్మాయీ పట్టా పుచ్చుకుంది. ఆమె కీర్తిలో ట్రోఫీల కంటే ఈ సంగతికే నేను పెద్ద పీట వేస్తాను. అయితే తొలి రోజుల్లో కోర్టు మూలల్లో చెత్తబుట్టలు పెట్టి, వాంతి వచ్చేదాకా పరుగెత్తించిన ఘట్టాలూ ఉన్నాయి. ఈనాడు ఏ విశ్వవిద్యాలయమూ దాన్ని ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. వయసుతో పాటు ఆమె మారారు. మ్యాచ్ మధ్య విరామంలో తాను మాట్లాడకముందు క్రీడాకారిణులనే చర్చించుకోనిచ్చే పద్ధతి పెట్టారు.

మొదటి జాతీయ టైటిల్ 1987లో వచ్చింది, అంటే పదమూడో సీజన్‌లో. తర్వాత 1989, 1991, 1996, 1997, 1998, 2007, 2008, మొత్తం ఎనిమిది. 1997–98లో ఆడిన 39 మ్యాచ్‌లూ గెలిచారు. అందరూ చెప్పుకునేది ఆ ఏడాది గురించే. నాకు మాత్రం అంతకు ముందటి ఏడాదే గొప్పగా తోస్తుంది. కెల్లీ జాలీ అనే పాయింట్ గార్డ్, అంటే కోర్టులో జట్టు ఆటను నడిపించే అమ్మాయి, సీజన్‌కు ముందే మోకాలు దెబ్బతిని కూర్చుంది. జట్టు పది మ్యాచ్‌లు ఓడింది. అలాంటి జట్టును మార్చి నెల నాటికి నిలబెట్టి, అప్పటిదాకా ఓటమి ఎరుగని కనెక్టికట్‌ను 91–81తో, ఫైనల్లో ఓల్డ్ డొమినియన్‌ను 68–59తో ఓడించారు. మెరికల్లాంటి ఆటగాళ్లతో గెలవడం ఒక ఎత్తు, కుంటుతున్న జట్టును నాలుగు నెలల్లో సరిదిద్దడం ఒక ఎత్తు.

పురుషుల జట్టుకు శిక్షకురాలిగా రమ్మని టెనెసీ ఆమెను ఒకటికి రెండుసార్లు అడిగింది. ఆమె ఒప్పుకోలేదు. అది పైమెట్టని ఎందుకు అనుకుంటున్నారన్నదే ఆవిడ ఎదురు ప్రశ్న. 2005లో 880వ గెలుపుతో, అప్పటిదాకా పురుషుల జట్ల శిక్షకుడు డీన్ స్మిత్ పేరుమీద ఉన్న అత్యధిక గెలుపుల రికార్డును దాటారు.

2011 ఆగస్టులో, 59 ఏళ్ల వయసులో, తనకు అల్జీమర్స్ వ్యాధి ముందుగానే మొదలైందని ఆమె స్వయంగా ప్రకటించారు. దాచిపెట్టి తప్పుకోవచ్చు, అలా కాకుండా సహాయకురాళ్లకు ఎక్కువ బాధ్యత అప్పగించి మరో సీజన్ చేశారు. 2012 ఏప్రిల్‌లో పదవి వదిలేనాటికి 38 సీజన్లు, 1,098 గెలుపులు, 208 ఓటములు. అదే ఏడాది అమెరికా అధ్యక్షుడి చేతి నుంచి దేశ అత్యున్నత పౌర పురస్కారం అందుకున్నారు. 2016 జూన్‌లో 64వ ఏట కన్నుమూశారు.

ఆమె తర్వాత జట్టు పగ్గాలు పట్టిన హాలీ వార్లిక్ ఒకప్పుడు ఆమె కింద ఆడిన క్రీడాకారిణే. వార్లిక్ తర్వాత 2019లో ఆ కుర్చీలోకి వచ్చిన కెల్లీ హార్పర్, మోకాలి గాయంతో 1997 సీజన్‌ను బెంచీమీద మొదలుపెట్టిన కెల్లీ జాలీయే.