తెరిచింది ఏ భాగం?

నల్గొండలో ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ, దేవరకొండ వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు కూడా ఉన్నారని చెప్పారు. మళ్లీ బస్సు టైమ్ టెన్షన్ లేకుండా నేరుగా విషయంలోకి వస్తాను.

మీలో చాలామంది లాప్‌టాప్‌లలో కోడ్ రాసుకునే ఎడిటర్ సబ్లైమ్ టెక్స్ట్ ఉండే ఉంటుంది. ఫైల్ సేవ్ చేస్తుంటే అప్పుడప్పుడూ లైసెన్స్ కొనమని ఒక చిన్న పెట్టె వస్తుంది, అదే. జాన్ స్కిన్నర్ దాన్ని 2008లో విడుదల చేశారు. ఇప్పటికీ అది ప్రొప్రైటరీ సాఫ్ట్‌వేరే, లోపలి కోడ్ మనం చూడలేం. కానీ దాంతోపాటు వచ్చే పైథాన్, జావా, హెచ్‌టీఎంఎల్ లాంటి భాషల ప్యాకేజీలను, అంటే ఆ భాషల కోడ్‌కు రంగులు వేయడం లాంటి పనులు చేసే ఫైళ్లను మాత్రం, కోడ్ పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో కంపెనీ పెట్టింది. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, తమ మార్పును పంపొచ్చు. "అసలుది దాచుకుని పైపైవి ఇచ్చారు, దీనివల్ల మనకేం ఒరిగింది?" అని అడిగేవాళ్లు ఉన్నారు. ఆ మాట తప్పని చెప్పడానికే నేను ఇక్కడికి వచ్చాను.

ఎడిటర్‌కు స్వతహాగా పైథాన్ రాదు. కామెంటుకు ఒక రంగు, ఫంక్షన్ పేరుకు ఇంకో రంగు పడుతున్నాయంటే, ఆ భాష తెలిసినవాళ్లెవరో కూర్చుని రూల్స్ రాశారన్నమాట. సబ్లైమ్‌లో ఆ రూల్స్ యామల్ అనే టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి. ఒక్కో రూల్‌లో ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే ఎలాంటి అక్షరాల వరుసను వెతకాలో చెప్పే నమూనా ఉంటుంది. అది దొరికితే ఆ ముక్కకు పెట్టాల్సిన పేరు కూడా ఉంటుంది. ఆ పేరును బట్టి కలర్ స్కీమ్ రంగు వేస్తుంది. మొదటిసారి తెరిస్తే భయంగా ఉంటుంది గానీ, నోట్‌ప్యాడ్‌లో కూడా చదవగలిగిన మామూలు ఫైల్ అది.

ఒక ఉదాహరణ చూడండి. పైథాన్ 3లో వేరియబుల్ పేరు తెలుగులో పెట్టొచ్చు. "మొత్తం" అని రాసి, దానికి పది అని విలువ ఇచ్చి రన్ చేయండి, నడుస్తుంది. ఇప్పుడు రంగులు వేసే రూల్‌లో అక్షరాలంటే ఇంగ్లిష్ ఏ నుంచి జెడ్ వరకే అని ఉందనుకోండి, "మొత్తం" దానికి పేరులాగే కనిపించదు. సరే, యూనికోడ్‌లోని అన్ని భాషల అక్షరాలూ కలిపారు అనుకుందాం. అయినా అయిపోలేదు. "త్త" అనే ఒత్తక్షరం కంప్యూటర్ లోపల త, పొల్లు, మళ్లీ త అని మూడు ముక్కలుగా ఉంటుంది. ఆ పొల్లు గుర్తును రూల్ అక్షరాల లెక్కలో చేర్చకపోతే పేరు మధ్యలోనే తెగిపోతుంది. కోడ్ సరిగ్గా నడుస్తుంటుంది, తెర మీద మాత్రం అక్కడ ఏదో తప్పున్నట్టు కనిపిస్తుంది. ఇలాంటిది ఎక్కడో సిడ్నీలోనో అమెరికాలోనో కూర్చున్న ప్రోగ్రామర్ కంట పడే అవకాశం తక్కువ. మీ కంట పడుతుంది. ఆ ఫైల్ అందరికీ తెరిచి ఉంటే బాగుచేయడం కూడా మీ చేతుల్లోనే ఉంటుంది. ఎడిటర్ లోపలి సీ ప్లస్ ప్లస్ కోడ్ మొత్తం ఇచ్చినా, సెకండియర్ విద్యార్థి మొదటి రోజే అందులో చెయ్యిపెట్టలేడు. ఈ ఫైల్‌లో పెట్టగలడు. పైపైవి అంటున్నది వీటినే.

మార్చింది సరిగ్గా ఉందో లేదో చూసుకునే పద్ధతి కూడా అక్కడే ఉంది. టెస్ట్ ఫైల్‌లో ఒక లైను కోడ్ రాస్తారు. దాని కింద కామెంట్ లైనులో, సరిగ్గా ఆ మాట కిందికి వచ్చేలా క్యారెట్ గుర్తులు పెట్టి, పైనున్న ముక్కకు ఏ పేరు రావాలో రాస్తారు. రాకపోతే టెస్ట్ ఫెయిల్. ఆ ఫైళ్లు ఒక గంట చదివితే పైథాన్ గురించి మీకు తెలియనివి కూడా బయటపడతాయి. నాకైతే అవి సిలబస్‌లో పెట్టదగినవి అనిపిస్తాయి.

ఇంకో సంగతి. తెరిచిన ప్యాకేజీ ఆ ఎడిటర్‌తోనే ఆగిపోదు. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో ఫైల్‌ను రంగులతో చూపించే బ్యాట్ అనే టూల్ ఉంది. అది వాడేవి సబ్లైమ్ తరహా సింటాక్స్ ఫైళ్లే. అంతకు ముందు మ్యాక్ కోసం 2004లో టెక్స్ట్‌మేట్ అనే ఎడిటర్ వచ్చింది. దాని సోర్స్ కోడ్ 2012 దాకా బయటికి రాలేదు. ఈ రోజు టెక్స్ట్‌మేట్ పేరు ఈ హాల్లో ఎంతమంది విన్నారో గానీ, రంగుల రూల్స్ రాసే దాని గ్రామర్ పద్ధతినే మీ వీఎస్ కోడ్ ఎడిటర్ ఇవాళ్టికీ వాడుతోంది.

అయితే ఇచ్చారంటే చాలదు, ఏ కాగితం మీద ఇచ్చారో చూడాలి. ఇది నల్గొండ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1951 ఏప్రిల్ 18న మన పాత జిల్లాలోని పోచంపల్లిలో, వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చారు. భూదానం అక్కడ మొదలైంది. తర్వాత దేశమంతటా దానంగా వచ్చిన భూముల్లో చాలావాటి పని పట్టా దగ్గరే ఆగిపోయింది. కోడ్‌కు పట్టా లైసెన్స్ ఫైల్. గిట్‌హబ్‌లో కనిపిస్తోంది కదా అని అది మనది కాదు. లైసెన్స్ లేని కోడ్ మీద హక్కులన్నీ రాసినవాళ్లవే. సబ్లైమ్ ప్యాకేజీలకు కాపీ చేసుకోవచ్చు, మార్చొచ్చు, అమ్ముకోవచ్చు అని రాతపూర్వకంగా ఉంది. అందుకే బ్యాట్ లాంటివి నిశ్చింతగా వాడుకుంటున్నాయి.

వీఎస్ కోడ్‌లో కథ తిరగబడింది. 2015లో మైక్రోసాఫ్ట్ దాని సోర్స్‌ను, ఎవరైనా వాడుకుని మార్చుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ కింద ఇచ్చింది. కానీ మీరు డౌన్‌లోడ్ చేసుకునే ఇన్‌స్టాలర్‌కు వేరే లైసెన్స్. పైథాన్ కోసం మీరు వేసుకునే పైలాన్స్ అనే యాడ్ఆన్ క్లోజ్డ్ సోర్స్, దాని కోడ్ బయటికి ఇవ్వలేదు. వీఎస్ కోడ్ సోర్స్ నుంచి వాలంటీర్లు తయారుచేసే వీఎస్‌కోడియం ఎడిటర్‌లో పైలాన్స్ వాడటానికి దాని లైసెన్స్ ఒప్పుకోదు. ఇక్కడ మూలం, అంటే ఎడిటర్ అసలు కోడ్, తెరిచి, యాడ్ఆన్ మూశారు. రోజూ మన పని నడిచేది ఆ యాడ్ఆన్‌తోనే కాబట్టి, నా దృష్టిలో మనకు ఎక్కువ తగిలే తాళం అదే.

మూలం మూసి ఉంటే నష్టం లేదని మాత్రం నేను అనను. గిట్‌హబ్ వాళ్ల ఎడిటర్ ఆటమ్ 2014 ఫిబ్రవరిలో బీటాగా, అంటే ప్రయోగ దశలో, వచ్చినప్పుడు, ఫైళ్ల జాబితా, వెతుకులాట లాంటి ప్యాకేజీలనే తెరిచి మూలాన్ని మూసి ఉంచారు. విమర్శలు వచ్చాయి. మే నెలలో మొత్తం ఎంఐటీ లైసెన్స్ కింద ఇచ్చేశారు. 2022 డిసెంబర్ 15న ఆటమ్‌ను ఆపేశారు. మూలం కూడా చేతిలో ఉంది కాబట్టే వాడేవాళ్లు దాన్ని పల్సర్ పేరుతో కొనసాగిస్తున్నారు. సబ్లైమ్ కంపెనీ రేపు తలుపులు మూసుకుంటే ప్యాకేజీలు బతుకుతాయి, ఎడిటర్ బతకదు. ఈ తేడా తెలిసే వాడండి, తెలిసే అడగండి. మూలం కూడా ఇవ్వమని అడగడంలో తప్పేమీ లేదు. అడుగుతూనే, ఇచ్చిన దాంట్లో పని మొదలుపెట్టండి.

టీ తాగాక పక్క ల్యాబ్‌లో కూర్చుందాం. ఇద్దరికి ఒక సిస్టమ్. పైథాన్ ప్యాకేజీని మన సిస్టమ్‌లోకి క్లోన్ చేసి, "మొత్తం", "విద్యార్థి", "లెక్క" అనే మూడు పేర్లతో టెస్ట్ లైన్లు రాద్దాం. ఎక్కడైనా ఫెయిలైతే ఆ రూల్ ఏ లైనులో ఉందో వెతికి, ముందు ఇష్యూ, అంటే సమస్యను వివరించే నోట్, రాయడం నేర్చుకుందాం. ఇంగ్లిష్‌లో రాయడానికి మొహమాటపడేవాళ్లు నా పక్కన కూర్చోండి, కలిసి రాద్దాం.