మయోనైజ్ నిషేధం: తప్పు బండిదా, వంటింటిదా? (స్టూడియో చర్చ, 2024 నవంబర్)

యాంకర్: నమస్కారం. హైదరాబాద్‌లో మోమోలు, వాటితో ఇచ్చిన మయోనైజ్ తిని ఒక మహిళ చనిపోయారు, ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. మనతో ఒక పోషకాహార నిపుణురాలు, ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ యజమాని, బ్యాంకు ఉద్యోగిని, విజయవాడ నుంచి రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. నలుగురికీ సమానంగా టైమ్ ఇస్తాను. మేడమ్, ముందు మీరు చెప్పండి. ఇళ్లలో అమ్మలు వండటం తగ్గిపోయింది, అందుకే కదా ఇదంతా?

నిపుణురాలు: ముందు మయోనైజ్ సంగతి చెప్తానండీ. గుడ్డు సొన, నూనె, కాస్త వెనిగరో నిమ్మరసమో వేసి మిక్సీ పడతారు. పొయ్యి మీద పెట్టే పనే లేదు. గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటే చావదు, అలాగే ఉంటుంది. దాన్ని సీసాలో పోసి మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా బయటే ఉంచుతారు. ఫ్రిజ్ ఉండదు. ఆ ఎండకీ ఆ పొయ్యి వేడికీ...

యజమాని: మేడమ్, ఒక్క నిమిషం. అందరూ అలా చెయ్యరు. నేను పలాస నుంచి వచ్చాను. కూకట్‌పల్లిలో బండి దగ్గర గిన్నెలు కడిగాను, కూరగాయలు తరిగే కట్టర్‌గా చేశాను, తర్వాత వండే మాస్టర్‌నయ్యాను. గుడ్డు మయోనైజ్ నా షాపులో ఎప్పుడో ఆపేశాను, గుడ్డు లేని ప్యాకెట్ కొంటున్నాను. ఖర్చు ఎక్కువే. అయినా కొంటున్నాను. ఒకరు తప్పు చేస్తే మొత్తం ఫాస్ట్‌ఫుడ్ అంతా విషం అంటే ఎలా?

యాంకర్: విషం అని ఎవరూ అనలేదండీ. మాస్టారూ, మీ చిన్నప్పుడు అమ్మ చేతి వంట...

మాస్టారు: మాది కృష్ణా జిల్లాలో పల్లెటూరు. పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ తినేవాళ్లం. బయట తిండి అంటే సంతలో మిర్చి బజ్జీ, అంతే. అది కూడా నాన్న చేతిలో డబ్బులుంటేనే. ఇప్పుడు మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. నాకు జ్వరమొస్తే అక్కడ కూర్చుని ఫోన్లో ఇక్కడికి ఇడ్లీ ఆర్డర్ పెడతాడు. గంటలోపే తలుపు దగ్గరికి వస్తుంది. దాన్ని నేనెలా తప్పు పట్టను? కానీ...

యజమాని: చూశారా! అదే నేను చెప్పేది మాస్టారూ!

మాస్టారు: నన్ను పూర్తి చెయ్యనీ బాబూ. కానీ అది రెండు ఇడ్లీలకి నాలుగు ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తుంది. వేడి సాంబారు ప్లాస్టిక్ కవర్లో.

యాంకర్: అంటే అమ్మ ఉంటే ఆ ఇడ్లీ ఇంట్లోనే అయ్యేది కదా?

ఉద్యోగిని: సార్, ఇందాకటి నుంచి అమ్మ, అమ్మ అంటున్నారు. నేనూ అమ్మనే. చదువుకునే రోజుల్లో అమీర్‌పేట హాస్టల్లో ఉన్నాను. అక్కడి పప్పు నీళ్లు మింగలేక రాత్రిపూట బండి దగ్గర ఎగ్ ఫ్రైడ్‌రైస్ తినేదాన్ని. ఇప్పుడు ఐదింటికి లేచి పిల్లల బాక్సులు, మావారి బాక్సు కడతాను. రాత్రి బ్యాంకు నుంచి వచ్చేసరికి ఓపిక ఉండదు. కర్రీ పాయింట్‌లో కూర, పప్పు తెస్తాను, అన్నం ఒక్కటే కుక్కర్లో పెడతాను. ప్రభుత్వమే చేసిన 2019 టైమ్ యూజ్ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టారు, మగవాళ్లు 97. అమ్మలు వండటం మానేశారా అని అడిగేవాళ్లు నాన్నలు ఎందుకు మొదలుపెట్టలేదని...

యజమాని: అమ్మా, మీరన్నది కరెక్ట్. అందుకే కర్రీ పాయింట్లు బతుకుతున్నాయి. మా కస్టమర్లలో సగం మంది మీలాంటివాళ్లే. హాస్టల్ కుర్రాళ్లు, నైట్ డ్యూటీవాళ్లు, క్యాబ్ డ్రైవర్లు. రాత్రి పన్నెండింటికి వీళ్లకి వేడిగా ఎవరు పెడతారు?

ఉద్యోగిని: నేనడిగింది అది కాదండీ...

యాంకర్: టేస్టింగ్ సాల్ట్ వెయ్యకుండా చేస్తారా మీరు? జనం మాకు పంపే ప్రశ్నల్లో అదే ఎక్కువ.

యజమాని: వేస్తాను, చిటికెడు. దాచను.

నిపుణురాలు: ఆ టేస్టింగ్ సాల్ట్, అదే అజినోమోటో మీద అనవసరంగా భయపడుతున్నాం. అసలు ప్రమాదం ఉప్పు, నూనె. రోజుకి ఐదు గ్రాముల ఉప్పు దాటకూడదంటారు. మన ఇంట్లో ఆవకాయ, అప్పడం, పచ్చడి కలిపితే అక్కడే దాటిపోతాం. ఇంటి వంట అన్నంతమాత్రాన మంచిదైపోదు. పండక్కి గారెలు వేసిన నూనెను వడగట్టి వారమంతా తాలింపుకి వాడమా?

మాస్టారు: వాడతాం. పారబొయ్యడానికి మనసొప్పదు.

నిపుణురాలు: కాగిన నూనెలో పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె పదేపదే కాగి పాడైతే పుట్టే పదార్థాలు, 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 నుంచి రూల్ పెట్టింది. అది హోటళ్లకి. ఇంట్లో కొలిచేవాళ్లెవరు? మూకుడులో నూనె నల్లబడి, నురగ కట్టి, త్వరగా పొగొస్తే అది అయిపోయినట్టే.

యాంకర్: అయినా అమ్మ ప్రేమతో చేసేదానికీ, డబ్బు కోసం చేసేదానికీ తేడా ఉంటుంది కదా మేడమ్?

నిపుణురాలు: బ్యాక్టీరియాకి ఆ తేడా తెలియదండీ.

యజమాని: సార్, డబ్బు కోసం చేస్తే ప్రేమ ఉండదా? నాకూ పిల్లలున్నారు, నా షాపు నూడుల్సే తింటారు. నేను ఒక్క మాట అడుగుతాను. బండివాడికి కుళాయి ఉందా? ఒక బకెట్ నీళ్లు. ప్లేట్లు అందులోనే, చేతులు అందులోనే, గుడ్డ పిండేది అందులోనే. ఆ బకెట్ మురికైతే మళ్లీ తేవడానికి అర కిలోమీటరు నడవాలి, అప్పటిదాకా బండి దగ్గర ఎవరుంటారు? వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. చోటు చూపించాలని అందులో ఉంది. మా సందులో ఇప్పటికీ ఎవరూ చూపించలేదు. మయోనైజ్ ఆపమన్నారు, ఆపుతాం. నీళ్లు కూడా ఇవ్వండి!

మాస్టారు: షాపు పెట్టినవాడివి, నీకు కుళాయి ఉంది కదా?

యజమాని: నాకుంది మాస్టారూ. నా పక్కన బండి పెట్టే కుర్రాడికి లేదు. వాడు నా దగ్గరే పట్టుకుంటాడు. వద్దంటానా?

ఉద్యోగిని: సార్, నేను మొదలుపెట్టిన మాట పూర్తి కాలేదు. వంటింట్లో...

యాంకర్: మేడమ్, టైమ్ అయిపోతోంది. చివరిగా ఒక్కొక్కరు ఒక్కమాటలో. ఇంటి వంటా, ఫాస్ట్‌ఫుడ్డా?

మాస్టారు: ఒక్కమాటలో ఎలా చెప్తామండీ?

యజమాని: నేను చెప్తాను. రేపు మీ టీమ్‌ని పంపండి, నా కిచెన్ అంతా చూపిస్తాను. ఫ్రిజ్, నూనె, గుడ్లు, అన్నీ. ఆ తర్వాత ఏదైనా పెద్ద హోటల్ వంటగదిలోకి కూడా అదే కెమెరా పట్టుకెళ్లండి...

(అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: తప్పకుండా పంపిస్తామండీ. ఈ చర్చ ఇంకా కొనసాగాల్సిందే, ప్రస్తుతానికి వార్తల్లోకి వెళ్దాం.