పాత స్పోర్ట్స్ కారుకు ఐదో గేరు

సభకు నమస్కారం.

ఎంజీబీ వంటి పాత స్పోర్ట్స్ కారుకు ఐదు గేర్ల పెట్టె బిగించడంలో కష్టమంతా ఆ పెట్టెలోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అసలు పనితనం ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్యనున్న అతుకులో ఉంది.

ముందు అవసరమేమిటో చూద్దాం. 1962లో వచ్చిన ఎంజీబీకి నాలుగే గేర్లు. 1967 దాకా మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు మార్చేటప్పుడు పళ్ల వేగాలను కలిపి, గరగరమనకుండా పడేలా చేసే ఏర్పాటు) కూడా లేదు. నాలుగో గేరులో గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఇంజను నిమిషానికి దాదాపు 3,800 చుట్లు తిరుగుతుంది. ఫోర్డ్ సియెరా కార్లలో వాడిన టైప్ 9 గేర్‌బాక్సులో ఐదో గేరు నిష్పత్తి (పెట్టె వెనుక షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి ఇంజను తిరిగే చుట్లు) 0.82 కాబట్టి, అదే వేగానికి 3,100 చుట్లు చాలు. అయితే కారుకు ఇదివరకే, ఇంజను చుట్లు తగ్గించే అదనపు గేరు పరికరమైన లేకాక్ ఓవర్‌డ్రైవ్ ఉంటే దాదాపు ఇదే లాభం అందులోనే ఉంది; అలాంటి వారు డబ్బు దాచుకోవడమే మేలని నేను నిర్మొహమాటంగా చెబుతాను.

లాభంతో పాటు ఒక ఇబ్బందీ వస్తుంది. టైప్ 9లో మొదటి గేరు 3.65, రెండోది 1.97. మొదటి గేరులో 5,000 చుట్ల దగ్గర గేరు మారిస్తే ఇంజను 2,700కు పడిపోతుంది. 1967 తర్వాతి ఎంజీబీ పెట్టెతో 3,150 దగ్గరే ఆగేది. ఎత్తు ఎక్కేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇక అతుకు సంగతి. కొత్త బెల్ హౌసింగు (ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్‌ను కప్పే గంట ఆకారపు తొడుగు) మధ్య రంధ్రం, ఇంజను ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ కేంద్రంతో సరిగ్గా కలవాలి. ఆ ఇరుసు చివరనున్న బరువైన చక్రం, అంటే ఫ్లైవీలుకు, సూక్ష్మమైన తేడాలను ముల్లుతో చూపే డయల్ గేజిని బిగించి, ఇంజనును చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఆ రంధ్రం అంచు వెంబడి ముల్లును గమనించాలి; ముల్లు మొత్తం కదలికలో సగమే కేంద్రాల మధ్య తేడా అని మరచిపోకూడదు. ఆ కేంద్రాల తేడా 0.13 మిల్లీమీటర్లు మించితే, బోల్టులు బిగుసుకున్నాయి కదా అని సరిపెట్టుకోవడం తగదు, ఎందుకంటే క్రాంక్ చివరి పైలట్ బేరింగు, గేర్‌బాక్సు ముందు బేరింగు ఏకపక్షంగా అరిగిపోతాయి, క్లచ్ నొక్కినా గేర్లు మొరాయిస్తాయి.

క్లచ్ ప్లేటు పళ్లు కొత్త షాఫ్టుకు సరిపోవాలి. వెనుక చక్రాలకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మార్చి, మళ్లీ బ్యాలెన్స్ చేయించాలి. నూనె విషయంలోనూ పాత అలవాటు పనికిరాదు: ఎంజీబీ పాత పెట్టెలో ఇంజన్ ఆయిలే పోసేవారు, టైప్ 9కు మాత్రం పలుచని గేర్ ఆయిలు కావాలి. స్పీడోమీటరును కూడా కొత్త గేర్‌బాక్సుకు తగ్గట్టు సరిచేయించాకే కారును రోడ్డెక్కించాలి, లేకుంటే ముల్లు చూపే వేగాన్ని నమ్మడానికి వీల్లేదు.