గట్టు మీద డీజిల్ బండి

శ్రోతలకు నమస్కారం.

మాది కొబ్బరికాయల వ్యాపారం. కోనసీమలో అంబాజీపేట మార్కెట్‌కి ఆరు కిలోమీటర్ల దూరంలో, కాలవ గట్టు మీదుగా వెళ్లే ఊరు. 2025 ఉగాదికి, అంటే మార్చి 30న, కొత్త కారు ఇంటికి తెచ్చాను. ఆ రోజు ఉగాది పచ్చడిలో వేపపువ్వు కాస్త ఎక్కువైందని ఇంట్లో అందరూ అన్నారు. ఎందుకు ఎక్కువైందో నాకు ఆషాఢం వెళ్లాక గానీ తెలియలేదు.

ముందు మా గట్టు సంగతి చెప్పాలి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పల్లంలో వరిచేను, మధ్యన పదడుగుల తారు. ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి. గడ్డి ట్రాక్టర్ ఎప్పుడూ వెళ్లదు. మా పాత కారయితే ఏ కొబ్బరిచెట్టు మొదట్లోకో దూర్చేసి నిలబడేవాణ్ణి. ఈ కొత్తది ఒళ్లున్న బండి. రివర్స్ గేర్ వెయ్యగానే ముందున్న తెర మీద కాలవ కనిపిస్తుంది, గుర్రపుడెక్క పూలు ఊదారంగుతో సహా. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కాళ్లు మాత్రం బ్రేక్ మీద వణుకుతూంటాయి.

అయినా అది అలవాటు పడే కష్టమే. అసలు కష్టం డీజిల్‌తో వచ్చింది.

మా పాత బండి కూడా డీజిలే. పన్నెండేళ్లు ఇదే గట్టు మీద తిరిగింది, ఒక్కనాడు పేచీ పెట్టలేదు. డీజిల్ అంటే డీజిలే కదా అనుకున్నాను. కానీ 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త బళ్లన్నీ బీఎస్ 6 అనే, పొగకి హద్దు పెట్టే ప్రమాణం ప్రకారం రావాలి. దాంతో డీజిల్ కార్ల పొగగొట్టం దారిలో ఒక జల్లెడ లాంటిది చేరింది. డీపీఎఫ్ అంటారు. పొగలోని మసిని అది పట్టి ఉంచుతుంది. పట్టిన మసిని మళ్లీ తనే కాల్చేసుకుంటుంది కూడా. అలా కాలాలంటే లోపల ఆరు వందల డిగ్రీల దాకా వేడెక్కాలి. అంత వేడి రావాలంటే బండి ఆగకుండా, అరవై పైన వేగంతో, పావుగంటో ఇరవై నిమిషాలో పరిగెత్తాలి.

మా గట్టు మీద అరవై ఎక్కడండీ! ముప్పై దాటితే గేదెలు ఒప్పుకోవు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, ఆ మిగిలిన సగంలో పాకుతూ పోవాలి. ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే మార్కెట్ వచ్చేస్తుంది. శ్రావణంలో మీటర్ల మధ్య ఓ పసుపు దీపం వెలిగింది. నేను పట్టించుకోలేదు. నాలుగు రోజులకి బండి బరువు లాగుతున్నట్టు ఈడ్చుకుంటూ నడవడం మొదలెట్టింది. షెడ్డులో కంప్యూటర్ తగిలించి, బండిని నిలబెట్టే ఉంచి ఇంజన్ని గట్టిగా తిప్పి, ఆ మసి కాల్చారు. అక్కడి కుర్రాడు చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "ఆయ్, తప్పు బండిది కాదండి బాబాయ్ గారూ, మీ గట్టుదండి."

నిజమే. మరి ఆ గట్టు సంగతి కొనేముందు నన్ను అడిగినవాళ్లు లేరు. నన్ను నేనూ అడగలేదు. సంక్రాంతికి అల్లుడొస్తే వాకిట్లో ఏ బండి నిలబడి ఉంటే బాగుంటుందో మాత్రం బాగా ఆలోచించాను.

ఆ రాత్రి లెక్కల పుస్తకం తీశాను. నేను నెలకి నాలుగు వందల కిలోమీటర్లకి మించి తిరగను. పెట్రోలు బండితో పోలిస్తే ఇంధనం మీద నాకు మిగిలేది నెలకి ఇంచుమించు 1,000 రూపాయలు. పెట్రోలు కన్నా డీజిల్ బండికి నేను ఎక్కువ పెట్టింది 1,20,000. అంటే పెట్టింది తిరిగి రావడానికే పదేళ్లు. కొన్న రోజు ఈ భాగహారం చెయ్యడానికి అర నిమిషం పట్టేది. కాయలు వేలల్లో లెక్కపెట్టే మనిషిని, ఇది మాత్రం లెక్కపెట్టలేదు.

సరే, ఇచ్చేసి చిన్న పెట్రోలు బండి తెచ్చుకుందాం అనుకున్నాను. ఇక్కడే ఇంకో దెబ్బ. 2025 సెప్టెంబర్ 22న, దసరా నవరాత్రులు మొదలైన రోజున, చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పదిహేను వందల సీసీ లోపు ఇంజన్ ఉన్న డీజిల్ కార్లకి అంతకు ముందు సెస్సుతో కలిపి 31 శాతం. నాది ఆ కొలతలోదే. షోరూము ధర కింద నేను పది లక్షలు పోసిన బండి ఆరు నెలల్లో తొమ్మిదికి దొరుకుతోంది. ఊళ్లో సంతోషించినవాళ్లని చూసి సంతోషించాను. కొత్తదే లక్ష తగ్గితే, వాడిన బండికి పాత రేటు ఎవరిస్తారు?

మా వ్యాపారంలో కురిడీ అని ఉంటుంది. కాయని అటక మీద పడేసి, ఎనిమిది నెలలో ఏడాదో అలా వదిలేస్తే, లోపల నీళ్లింకి కొబ్బరి గుడ్డు గలగలలాడుతుంది. వదిలేసినందుకు ధర పెరిగే సరుకు అది. నేను ముప్పై ఏళ్లుగా అలాంటి సరుకుతో బతికినవాణ్ణి. వాకిట్లో ఊరికే నిలబెట్టినా ధర పడిపోయే సరుకు నా చేతికి రావడం ఇదే కొత్త.

ఎక్స్‌చేంజి ధర అడగడానికి షోరూముకి వెళ్లాను. కాఫీ ఇచ్చారు, కొత్త బండి తలుపు తీసి కూర్చోబెట్టారు. పాతదానికి ఎంతిస్తారంటే, "ముందు రంగు చూసుకోండి సార్" అన్నారు. మీరూ అలా వెళ్తే ఒకటి గట్టిగా పట్టుకోండి. పాత బండికిచ్చే ధర వేరే కాగితం మీద, కొత్త బండి ధర వేరే కాగితం మీద రాయించుకోండి. రెండూ కలిపి చెప్పి, పైన బోనస్ అన్నారంటే, ఆ బోనస్ ఎక్కడి నుంచి వచ్చిందో మనకి తెలియదు. బయట కొనేవాళ్లు ఇద్దరు ముగ్గురి దగ్గర అడిగి చూసుకోవాలి కూడా. ఇన్సూరెన్సులో క్లెయిము లేనందుకు వచ్చే బోనస్ ఉంది చూశారూ, అది బండితో పాటు పోదు, యజమానిదే. కొత్త బండికి మార్పించుకోవచ్చు. ఇది నాకు షోరూములో ఎవరూ చెప్పలేదు.

గంటన్నర కూర్చుంటే నా బండికి తేలిన ధర 7,60,000.

ఇప్పుడు అప్పు చూడండి. 9 శాతం వడ్డీకి ఐదేళ్లకి 8 లక్షలు తీసుకున్నాను. నెలకి 16,607. ఎనిమిది వాయిదాల్లో లక్షా 33 వేలు కట్టాను. అసలు తగ్గింది 87 వేలే, మిగతాది వడ్డీ. ఇంకా 7 లక్షల 13 వేలు బాకీ. ఆర్సీ మీద బ్యాంకు పేరుంది, ఆ బాకీ తీర్చి నిరభ్యంతర పత్రం తెస్తేనే బండి ఇంకొకరి పేరు మీదికి వెళ్తుంది. తీరిస్తే నా చేతిలో మిగిలేవి 47 వేలు. ముందే తీర్చినందుకు బ్యాంకు తీసుకునేది అందులోంచే పోవాలి. మొదట లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సుతో కలిపి నా జేబులోంచి పెట్టిన 3 లక్షల 80 వేలు, కట్టిన వాయిదాలు కలిపి చూసుకుంటే, ఎనిమిది నెలలు తిరిగినందుకు నెలకి 58 వేలు. ఆ డబ్బుకి అంబాజీపేటకి రోజూ పల్లకీలో వెళ్లొచ్చు, మోసేవాళ్లు దొరికితే.

దాని మీద మళ్లీ కొత్త అప్పు, మళ్లీ లైఫ్ ట్యాక్సు, మళ్లీ ఇన్సూరెన్సు. ఒక తప్పు పోగొట్టుకోవడానికి ఇంకో పది లక్షలు. కాఫీ తాగేసి వచ్చేశాను.

బండి ఉంచేద్దామని తీర్మానించుకున్నాను. 2027 ఉగాది నాటికి బాకీ 5 లక్షల 22 వేలకి దిగుతుంది. అప్పుడు మళ్లీ పుస్తకం తీస్తాను. ఈలోగా జల్లెడ మూసుకుపోకుండా వారానికోసారి బండిని పెద్దరోడ్డు ఎక్కించాలి.

ఈ మాట ఇంట్లో చెప్పగానే మా ఆవిడ ముఖం వెలిగింది. ఆత్రేయపురం మండలంలో వాడపల్లి వెంకన్న ఉన్నాడు కదండీ, ఏడు శనివారాలు వరసగా వెళ్తే కోరిక తీరుతుందంటారు. ఎన్నాళ్లుగానో అడుగుతోంది, నేనే వాయిదా వేస్తున్నాను. ఇప్పుడు శనివారం తెల్లవారుజామునే బయల్దేరుతున్నాం. రావులపాలెంలో పదహారో నంబరు హైవే ఎక్కి, సిద్ధాంతం వంతెన దాటి, తణుకు దాకా నాలుగో గేరులో ఒక్క ఊపున వెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి వాడపల్లి వస్తున్నాం. మొదటి వారం తణుకు వెళ్తుంటే ఆవిడ అడిగింది: "ఏవండీ, మనం దేవుడి దగ్గరికి వెళ్తున్నామా, సైలెన్సరు దగ్గరికా?"

డీజిల్ ఐదారు లీటర్లు అవుతోంది, నెలకి మిగులుతుందనుకున్న వెయ్యి రెండు శనివారాలకే చెల్లు. పసుపు దీపం మాత్రం మళ్లీ వెలగలేదు. మొన్నటికి మూడో వారం అయింది. తిరుగు ప్రయాణంలో గుడి దగ్గర జనం విపరీతం, బండి అడుగులో అడుగేస్తూ గంట కదిలింది. నా చూపంతా ఆ దీపం మీదే. ఆవిడ చేతిలో పూతరేకుల పెట్టె పట్టుకుని, "ఎనిమిదో శనివారం నుంచి ఏ గుడికండీ?" అంది.