గిన్నెలో పడని ముద్దలు
(లావెక్కిన పెంపుడు కుక్క బరువును క్షేమంగా తగ్గించడంపై హైదరాబాద్‌లోని ఒక కాలనీ సంక్షేమ సంఘం సభలో పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చినందుకు సంతోషం. కుక్కలను కూడా వెంట తెచ్చిన వారికి మరింత సంతోషం, ఎందుకంటే నేను చెప్పబోయే మొదటి పరీక్షను ఇక్కడే చేసి చూసుకోవచ్చు.

ఎడమ అరచేతిని చాపి, దాని వెనుకవైపు, వేళ్ల ఎముకల మీద కుడిచేతి వేళ్లతో మెల్లగా రాయండి. ఎముకలు తెలుస్తున్నాయి, వాటి మీద పలచని చర్మమూ తెలుస్తోంది. సరైన బరువున్న కుక్క పక్కటెముకలు చేతికి ఇలా తగలాలి. పిడికిలి బిగించి మెటికల మీద రాసినట్టు తగిలితే బక్కచిక్కినట్టు. చెయ్యి తిప్పి అరచేతి మెత్తదనం మీద రాసినట్టు ఉండి, నొక్కితే గాని ఎముక దొరకకపోతే లావెక్కినట్టు. పైనుంచి చూస్తే నడుము కనపడాలి, పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి లేవాలి. మేము దీన్నే 1 నుంచి 9 వరకు అంకెలున్న కొలతగా రాసుకుంటాం. అందులో 4, 5 మంచివి. 5 దాటిన ప్రతి అంకెకూ ఉండవలసిన బరువు కన్నా సుమారు 10 శాతం ఎక్కువ ఉన్నట్టు లెక్క.

కొంచెం బొద్దుగా ఉంటే ఏమవుతుందని అడిగేవారికి 2002లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం గురించి చెబుతాను. 48 లాబ్రడార్ కుక్కలను చిన్ననాటి నుంచే 24 జంటలుగా చేసి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ ఆహారం పెడుతూ జీవితాంతం గమనించారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. కీళ్ల నొప్పులకు మందులు వాడవలసిన అవసరం కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చింది. ఆ అధ్యయనం జరిపించింది కుక్కల ఆహారం అమ్మే కంపెనీయే. తక్కువ పెట్టండని చెప్పే ఫలితాన్ని వాళ్లే ప్రకటించారు గనుక నాకు దాని మీద నమ్మకం ఇంకొంచెం ఎక్కువ.

ఇక అసలు సంగతికి వస్తాను. నా దగ్గరికి 38 కిలోల లాబ్రడార్‌ను తీసుకొచ్చిన ఒక గృహస్థుడు, "ఇది ఏం తింటలేదు సార్, గాలి పీల్చినా లావైతుంది" అన్నారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. థైరాయిడ్ తగ్గినా, ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువగా ఊరే కుషింగ్ జబ్బు ఉన్నా, చర్మవ్యాధికి నెలల తరబడి స్టెరాయిడ్లు వాడినా, మూర్ఛకు ఫినోబార్బిటోన్ ఇస్తున్నా బరువు పెరగవచ్చు; పొట్టలో నీరు చేరడాన్ని కొవ్వు అనుకోవడమూ ఉంది. అందుకే తిండి తగ్గించే ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించాలి. వారి కుక్క విషయంలో పరీక్షలన్నీ సవ్యంగా వచ్చాయి. అప్పుడు ఒక చిన్న పుస్తకం ఇచ్చి, మూడు రోజుల పాటు ఇంట్లో ఎవరు ఏం పెట్టినా ఎవరికి వారే రాయమన్నాను.

గిన్నెలో పడేది 250 గ్రాముల పొడి ఆహారం, అంటే దాదాపు 900 కేలరీలు. ఆ ఎత్తున్న కుక్కకు అది సబబే. గిన్నె బయట సంగతి వేరు. పొద్దున చాయ్‌తో పాటు తాతగారు నాలుగు మారీ బిస్కెట్లు, మధ్యాహ్నం నాయనమ్మ పెరుగన్నం, రాత్రి పిల్లవాడు వదిలేసిన చపాతీ, కింద వాచ్‌మన్ ఒక గ్లూకోజ్ బిస్కెట్ల పొట్లం. నలుగురివీ కలిపితే 600 కేలరీలు దాటింది. ఎవరూ ఎక్కువ పెట్టలేదు, ఒకరు పెట్టింది మరొకరికి తెలియదు, అంతే. నాయనమ్మ గారిని అడిగితే, "నోరులేని జీవం ఎదురుగ కూసోని చూస్తుంటే నాకు ముద్ద దిగుతదా బిడ్డా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

లెక్క వేసే పద్ధతి చెబుతాను, ఫోనులో కాలిక్యులేటర్ చాలు. కుక్క ఇప్పటి బరువును కాక, ఉండవలసిన బరువును తీసుకోండి. ఆ లాబ్రడార్‌కు అది 30 కిలోలు. 30ని 30తో, వచ్చినదాన్ని మళ్లీ 30తో గుణిస్తే 27,000. దానికి వర్గమూలం, వచ్చినదానికి మళ్లీ వర్గమూలం తీస్తే 12.8 వస్తుంది, దాన్ని 70తో గుణిస్తే సుమారు 900. బరువు తగ్గడానికి రోజు మొత్తం మీద అందవలసిన కేలరీలు అవి. చిరుతిండి అందులో పదోవంతు, అంటే 90 కేలరీలు మించకూడదు. మారీ బిస్కెట్లు నాలుగు తినేసరికే ఆ వాటా దాటిపోతుంది. ఉస్మానియా బిస్కెట్‌లో వెన్న ఎక్కువ గనుక దాన్ని చాయ్‌కే వదిలేయండి. ఇంటి వంట పెట్టేవారు వంద గ్రాముల అన్నానికి 130 కేలరీలు, చెంచా నెయ్యికి 45 అని గుర్తుంచుకుంటే చాలు. మిగతా పదార్థాల కోసం మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికలు ఉన్నాయి. కొలతకు కప్పును నమ్మవద్దు, వంటింటి డిజిటల్ కాటా కొనండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక పామేరియన్ యజమానికి "రేపటి నుంచి సగం పెట్టండి" అని తేలిగ్గా చెప్పి పంపాను. రెండు నెలలకు బరువు తగ్గింది గాని, వెనుక కాళ్ల కండ కరిగి, వెంట్రుకలు జీవం లేకుండా పోయాయి. రోజూ పెట్టేదాన్నే సగానికి కోస్తే కేలరీలతో పాటు మాంసకృత్తులు, విటమిన్లు కూడా సగమవుతాయి. మాంసకృత్తులు, పీచు ఎక్కువగా ఉండి కేలరీలు తక్కువగా ఉండే ఆహారానికి వారం, పది రోజుల్లో మెల్లగా మారాలి. అలా అయితే గిన్నె కూడా వెలితిగా కనపడదు. వారానికి శరీర బరువులో ఒక శాతం, మహా అయితే రెండు శాతం తగ్గితే చాలు. 38 కిలోల కుక్కకు ఒక శాతమంటే 380 గ్రాములు. ఇంట్లో పిల్లి ఉన్నవారు దాని మీద ఈ ప్రయోగం సొంతంగా చేయవద్దు. ఉపవాసంతో లావుపాటి పిల్లి కాలేయం కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది.

చిరుతిండిగా కీరా, క్యారట్, ఉడికించిన బీన్స్ ముక్కలు పెట్టవచ్చు. ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ విషంతో సమానం. బిర్యానీలోని బొమికలు పెళుసుగా విరిగి పేగులో గుచ్చుకుంటాయి, మసాలాలో ఉల్లి సరేసరి.

నడక గురించి కొంత జాగ్రత్త అవసరం. తిండి తగ్గించకుండా నడకతోనే బరువు దించుదామంటే కుదరదు. ఉన్న కండను నిలబెట్టుకోవడానికి నడక కావాలి. పూటకు పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో పొద్దెక్కాక తారురోడ్డు మీద చెయ్యి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదమూ ఉంచలేదు. లావెక్కిన కుక్కకు, ముఖ్యంగా పగ్ వంటి చప్పిడి ముక్కు జాతికి, వడదెబ్బ నిమిషాల్లో తగులుతుంది. గల్లీలో వీధికుక్కల భయం ఉందంటారు; నిజమే. అలాంటప్పుడు డాబా మీద, పార్కింగ్‌లో తిప్పండి. కీళ్ల నొప్పి ఉంటే మెట్లు మాత్రం ఎక్కించవద్దు.

ఆ లాబ్రడార్ ఇంట్లో చేసిన ఏర్పాటు ఇది. ఆహారం మార్చి, రోజుకు సరిపడేది పొద్దున్నే తూచి, అందులోంచి రెండు గుప్పెళ్లు తీసి ఒక స్టీలు డబ్బాలో వేసి నాయనమ్మ గారి చేతికి ఇచ్చారు. ఎదురుగా కూర్చుని చూసినప్పుడల్లా ఆమె ఒక్కో గింజ వేస్తారు. డబ్బా అయిపోతే ఆ రోజుకు అంతే. వాచ్‌మన్‌కు కీరా ముక్కల డబ్బా ఇచ్చారు. దసరాకు చుట్టాలు వచ్చిన మూడు వారాలు కాటా ముల్లు కదలలేదు. మళ్లీ పుస్తకం తెరిపించి, రాయని ముద్దలేవో పట్టుకున్నాక కదిలింది. ఆరు నెలలకు 31 కిలోల 400 గ్రాములు. నేను వేసిన లెక్క కన్నా నెమ్మదే, అయినా ఇప్పుడు అది కారులోకి తనంతట తానే ఎక్కుతోంది.

బయట వరండాలో పెద్ద కాటా పెట్టించాను. ఈ రోజు బరువు రాయించుకున్నవారు రెండు వారాల తరువాత మళ్లీ ఇదే కాటా మీదికి, వీలైతే ఇదే వేళకు, తిండి పెట్టకముందు తీసుకురండి.